మిన్యో ఊళ్ళలో ఎర్ర విన్యో వెర్దే

బుధవారం, పోర్టో

పోర్చుగల్ వైన్ అనగానే చాలామందికి తోచేవి రెండు: భోజనం చివర చిన్న గ్లాసులో పోసే తియ్యని పోర్ట్, ఎండాకాలంలో చల్లబరచి తాగే తెల్లని విన్యో వెర్దే. ఆ విన్యో వెర్దే పేరుతోనే ఒక ఎర్ర వైన్ కూడా ఉంది. ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం వరకు ఆ ప్రాంతపు రైతులు ఎక్కువగా చేసినదీ, తమ ఇళ్ళలో తాగినదీ ఎర్రదే. బయటి మార్కెట్టు తెల్లదాన్ని కోరుకోవడంతో ఎర్రది వెనకబడి, ఇప్పుడు మొత్తం ఉత్పత్తిలో చిన్న భాగంగా మిగిలింది. దాన్ని దాని సొంత ఊళ్ళలో, అక్కడివారు దానితో తినే వంటలతో కలిపి రుచి చూడాలన్న ఉద్దేశంతోనే మార్చి మొదట్లో నేను పోర్టోలో దిగాను.

విన్యో వెర్దే ప్రాంతం పోర్చుగల్‌కు వాయవ్య మూలన ఉంది. ఉత్తరాన స్పెయిన్ సరిహద్దుగా పారే మిన్యో నది, పడమట అట్లాంటిక్ సముద్రం, దక్షిణాన డోరో నదికి ఆవల కొంత మేర దాని హద్దులు. 1908లో చట్టప్రకారం ఈ హద్దులను నిర్ణయించారు. లోపల తొమ్మిది ఉపప్రాంతాలున్నాయి. సముద్రపు గాలి, ఏడాదిలో చాలా నెలలు విడవకుండా పడే వాన, గ్రానైట్ నేల కలిసి ఇక్కడి ద్రాక్షలో పులుపును నిలుపుతాయి, తీపిని పెరగనివ్వవు. పండులో తీపి తగ్గితే వైన్‌లో ఆల్కహాల్ కూడా తగ్గుతుంది. దక్షిణాన అలెంతేజోలో ఎర్ర వైన్ 14 శాతం దాటడం మామూలు విషయమైతే, ఇక్కడి సీసాల మీద సాధారణంగా 11 శాతం దరిదాపుల అంకె కనిపిస్తుంది. దీన్ని తేలికపాటి వైన్ అనడం ఆ లెక్కలోనే. రంగు చూసినవారెవరూ ఆ మాట అనరు.

సాయంత్రం నది ఒడ్డున ఒక భోజనశాలలో దాన్ని అడిగి తెప్పించుకున్నాను. పొడుగు కాడ ఉన్న గాజు గ్లాసులో, గది వేడిమిలోనే, తినడానికి ఏదీ లేకుండా తెచ్చి పెట్టారు. దీపం వెలుగుకు ఎత్తి పట్టినా అవతలి వైపు కనిపించనంత చిక్కని ఊదా రంగు. అంచు చుట్టూ సన్నని గులాబీ నురగ. మొదటి గుక్కకే పళ్ళు పులిశాయి, రెండో గుక్కకు వగరు నాలుకను పట్టేసింది. పక్క బల్ల దగ్గర కూర్చున్న విదేశీ దంపతులు అదే తెప్పించుకొని, ఒక్కసారి చప్పరించి, మారు మాట లేకుండా వేరే సీసా తెమ్మన్నారు. వైన్‌ను విడిగా, గ్లాసులో తిప్పి, వాసన పీల్చి మార్కులు వేసే పద్ధతిలో ఇది నెగ్గదు. ఆ పద్ధతే దీనికి వర్తించదేమో చూడాలన్నది నా ప్రయాణపు సంగతి.

గురువారం, బార్సేలోస్

పోర్టోలోని కంపన్యా స్టేషన్ నుంచి ఉత్తరంగా పోయే మిన్యో మార్గపు రైలెక్కి బార్సేలోస్‌లో దిగాను. ఇక్కడ గురువారం సంత ప్రసిద్ధమైనది. పోర్చుగల్ గుర్తుగా దేశమంతా అమ్ముడుపోయే రంగురంగుల మట్టి కోడిపుంజు ఈ ఊరిదే. నాకు వాటితో పని లేదు. కుండలమ్మే వరుసలో మాల్గా అనే గిన్నెల కోసం వెతుకుతూ నడిచాను. మిన్యో ప్రాంతంలో ఎర్ర విన్యో వెర్దేను గాజు గ్లాసులో కాక ఈ చెవుల్లేని తెల్లని పింగాణీ గిన్నెలో పోసుకొని, దాన్ని అరచేత పట్టుకొని తాగడం ఆనవాయితీ.

గిన్నెలమ్మే పెద్దావిడ నేను బయట పువ్వులు వేసి ఉన్న ఒకదాన్ని పట్టుకోవడం చూసి, లోపల తెల్లగా ఉంటే చాలు, బయట ఎలా ఉన్నా ఫరవాలేదన్నట్లు గిన్నె బోర్లించి, తిప్పి చూపించింది. మంచి ఎర్ర వైన్ గిన్నె గోడకు రంగు పూస్తుందనీ, పూసిన రంగు మెల్లగా జారాలనీ, జారకుండా వెంటనే తేలిపోతే అందులో నీళ్ళు కలిసినట్లేననీ ఆమె చెప్పిన మాటల సారాంశం. ఒక జత కొన్నాను.

సంత పక్కనే ఒక చిన్న హోటల్లో మధ్యాహ్నం కాల్దో వెర్దే తిన్నాను. బంగాళాదుంపలను ఉడికించి మెదిపి చేసిన పల్చని చారులో, గలీసియా కోసుకూర ఆకులను దారాల్లా సన్నగా తరిగి, దించే ముందు వేసి, పైన ఆలివ్ నూనె, చోరీసో అనే పంది మాంసపు సాసేజ్ ముక్క ఒకటి వేసి ఇస్తారు. శాకాహారులు ఆ ముక్క వద్దని ముందే చెబితే సరిపోతుంది. చారు మాంసపు నీళ్ళతో చేశారేమో కూడా అడగడం మంచిది. తోడుగా బ్రోవా ఇచ్చారు. అది మొక్కజొన్న పిండిలో రై పిండి కలిపి కాల్చిన బరువైన రొట్టె, పైన పగుళ్ళు, లోపల తడి. చల్లని ఎర్ర వైన్‌ను గిన్నెలో పోసి ఇచ్చారు. నిన్నటి వగరు పూర్తిగా పోలేదు కానీ, నూనె పూసిన రొట్టె నోట్లో ఉండగా తాగినప్పుడు అది చురుకుగా, ఆకలి పెంచేదిగా తోచింది.

శుక్రవారం, వియానా దొ కాస్టేలో

లీమా నది సముద్రంలో కలిసే చోట ఉన్న ఈ రేవుకు ఎర్ర వైన్ చరిత్రలో మంచి స్థానం ఉంది. పదహారు, పదిహేడు శతాబ్దాల్లో ఇంగ్లీషు వర్తకులు ఇక్కడ స్థావరాలు పెట్టుకొని, మిన్యో ప్రాంతపు పల్చని ఎర్ర వైన్‌ను ఓడల్లో ఎగుమతి చేసేవారు. ఉత్తర అట్లాంటిక్‌లోని న్యూఫౌండ్‌లాండ్ నుంచి ఉప్పు చేప దిగుమతి అయ్యేది. పులుపెక్కువ, ఆల్కహాల్ తక్కువ ఉన్న ఆ వైన్ సముద్రప్రయాణానికి అంతగా నిలిచేది కాదు. బలమైన వైన్ కోసం వర్తకులు డోరో లోయకు మళ్ళారు. 1703లో ఇంగ్లండ్‌తో జరిగిన మెత్యూన్ ఒప్పందంతో పోర్చుగల్ వైన్‌కు సుంకం తగ్గింది, పోర్టో రేవు పెరిగింది, వియానా వెనకబడింది. ఇక్కడి ఎర్ర వైన్ మళ్ళీ తన ఊళ్ళకే పరిమితమైంది.

చేప మాత్రం ఊళ్ళోనే ఉండిపోయింది. రేవులో తెల్లగా నిలిచి ఉన్న ఝీల్ ఇయానెస్ అనే ఓడను 1955లో ఈ ఊరి నౌకానిర్మాణశాలలోనే కట్టారు. న్యూఫౌండ్‌లాండ్, గ్రీన్‌లాండ్ తీరాల్లో కాడ్ చేప పట్టే పోర్చుగీసు ఓడలకు అది ఆసుపత్రిగా పనిచేసింది; ఇప్పుడు మ్యూజియం. ఆపరేషన్ గది, ఇరుకు పడకలు చూసి బయటికి వచ్చాక, బకల్యావ్ అనే ఆ ఎండు చేపను తినడం ఒక విధంగా బాకీ తీర్చుకోవడం లాగా అనిపించింది.

ఎండు కాడ్‌ను ఒకటి రెండు రోజులు నీళ్ళు మార్చుతూ నానబెట్టి, ఉప్పు పోగొట్టి, ఆ తరువాత వండుతారు. నాకు వడ్డించింది పిండి అద్ది నూనెలో వేయించిన మందపాటి ముక్క, పైన చక్రాల్లా తరిగి ఆలివ్ నూనెలో మగ్గబెట్టిన ఉల్లిపాయలు. చేపకు ఎర్ర వైన్ పనికిరాదన్నది లోకంలో స్థిరపడిన మాట. దానికి కారణం కూడా ఉంది: ఎర్ర వైన్‌లోని ఇనుము చేపలోని నూనెతో కలిసినప్పుడు నోట్లో నీచు వాసన తేలుతుంది. అయితే కాడ్ మాంసంలో నూనె చాలా తక్కువ; ఆ చేప కొవ్వంతా దాని కార్జంలోనే ఉంటుంది. అందువల్ల నీచు తేలలేదు. మిగిలిన ఉప్పు వైన్‌లోని వగరును అణిచింది. వైన్‌లోని పులుపు వేపుడు జిడ్డును కడిగింది. పోర్టోలో సగం వదిలేసిన వైన్‌నే ఇక్కడ రెండోసారి అడిగి పోయించుకున్నాను.

కాల్చిన సార్డీన్ చేపలు ఈ వైన్‌కు మరో ప్రసిద్ధమైన జోడీ. వంటామె నవ్వి, జూన్‌లో రమ్మంది. చలికాలంలో ఆ చేప ఎండిపోయి ఉంటుందనీ, వేసవిలో కొవ్వు పట్టాకనే నిప్పుల మీద వేయాలనీ ఆమె వాదన. జూన్ 23 రాత్రి పోర్టోలో జరిగే సావ్ జువావ్ పండుగకు వీధులన్నీ సార్డీన్ పొగతో నిండిపోతాయి.

శని, ఆదివారాలు, మోన్సావ్

బ్రాగాలోని మిన్యో విశ్వవిద్యాలయంలో చదువుతున్న మా మేనల్లుడు సెలవు దొరికి వియానాలో నన్ను కలుసుకున్నాడు. ఇద్దరం రైల్లో వాలెన్సా వరకు వెళ్ళాము. అక్కడి నుంచి మోన్సావ్ దాకా ఒకప్పుడు రైలు నడిచేది. 1990లో దాన్ని ఆపేసి, తరువాత ఆ దారిని నడకకూ సైకిళ్ళకూ వీలుగా మార్చారు. మిన్యో నది వెంటనే సాగే దారి అది. అవతలి ఒడ్డు స్పెయిన్. మోన్సావ్‌కూ, ఎగువన మెల్గాసోకూ మధ్య నది అంచుల నుంచి లోపలికి చొచ్చుకొని ఉండే రాతి గోడలు కనిపిస్తాయి. ఆ గోడల మధ్య వలలు కట్టి, ప్రవాహానికి ఎదురీదుతూ వచ్చే లాంప్రేలను పడతారు.

లాంప్రే మనం ఎరిగిన చేపల్లాంటిది కాదు. దానికి దవడలు లేవు; గుండ్రని నోటినిండా పళ్ళుంటాయి. నదిలో పుట్టి, సముద్రానికి పోయి, అక్కడ పెద్ద చేపలను అంటిపెట్టుకొని నెత్తురు పీల్చి పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్ళీ నదికి వస్తుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా దాని కాలం. స్పెయిన్ వైపు సరిహద్దు దగ్గరే ఫ్రియేరా ఆనకట్ట ఉండడంతో అది అంతకు మించి ఎగువకు పోలేదు. ఏటికేడాది తగ్గిపోతున్నందున ధర కూడా చాలా ఎక్కువ. ఒక పళ్ళెం ఇద్దరం పంచుకున్నాము.

వంటకు ముందు లాంప్రేను వేడినీళ్ళతో తోమి జిగురు పోగొడతారు. కోసేటప్పుడు కారే నెత్తురును వదలకుండా, అడుగున ఎర్ర వైన్ పోసి ఉంచిన గిన్నెలోకి పడతారు; వైన్‌లోని పులుపు దాన్ని గడ్డకట్టనివ్వదు. ముక్కలను ఆ నెత్తురు, వైన్, వెల్లుల్లి, బిర్యానీ ఆకుల మిశ్రమంలో రాత్రంతా ఊరవేసి, మరునాడు ఉల్లిపాయ, ఆలివ్ నూనెతో మగ్గించి, అందులోనే బియ్యం పోసి, జారుగా ఉండగానే దించుతారు. పళ్ళెంలో ఉన్నది నల్లని, మెరిసే అన్నం. వండడానికి వాడిన వైన్‌నే తాగడానికి ఇచ్చారు. ఈ జోడీలో వంట ఎక్కడ ఆగి వైన్ ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టం.

మేనల్లుడు లాంప్రే ముక్కను పళ్ళెం అంచుకు జరిపి అన్నం మాత్రం తిన్నాడు. "మామయ్యా, మీరేమైనా అనండి, దాని నోరు ఫొటోలో చూశాక నా వల్ల కాదు," అన్నాడు. "ఒరేయ్, నోరు వండలేదు కదరా," అన్నాను కానీ, బలవంతపెట్టలేదు.

ఆదివారం మధ్యాహ్నం వాడికి నచ్చిన భోజనం దొరికింది. మోన్సావ్‌లో గొర్రెపిల్ల మాంసాన్ని మట్టి మూకుడులో, కుంకుమపువ్వు రంగు పట్టించిన అన్నం మీద పెట్టి, కట్టెల పొయ్యి గూట్లో కాలుస్తారు. మాంసం నుంచి కారిన కొవ్వంతా అన్నంలోకి దిగుతుంది. దీనికి మాత్రం ఆ ఊరివారు వేరే రకం ఎర్ర వైన్ తెచ్చారు. నేను ముందు రోజుల్లో తాగినదంతా విన్యావ్ అనే ద్రాక్షతో చేసినది; మోన్సావ్, మెల్గాసో వైపు బ్రాంసెల్యో, పెద్రాల్ వంటి పాత రకాలున్నాయి. వాటితో చేసిన వైన్ గ్లాసులో పోస్తే వెనుక ఉన్న వేళ్ళు కనిపించేంత పల్చన, దానిమ్మ గింజల రంగు. పులుపు ఉంది, వగరు లేదనే చెప్పాలి. కొత్తగా ఈ వైన్ల జోలికి వచ్చేవారు దీనితో మొదలుపెట్టడం మేలు. భోజనం లేకుండా కూడా తాగగలిగిన ఎర్ర విన్యో వెర్దే ఈ ప్రయాణంలో నాకు కనిపించింది ఇదొక్కటే. నా మనసు మాత్రం విన్యావ్ మీదనే ఉండిపోయింది. సాయంత్రం మేనల్లుడు బ్రాగాకు బస్సెక్కాడు.

సోమవారం, పోంతె ద లీమా

పోంతె ద లీమాకు రైలు లేదు. లీమా నది మీద రోమన్ల నాటి కమానులు కొన్ని, మధ్యయుగాల నాటివి మరికొన్ని కలిసిన పొడుగు వంతెన ఈ ఊరికి పేరు తెచ్చింది. 1125లో రాణి తెరేజా ఇచ్చిన శాసనంలోనే ఇక్కడి సంత ప్రస్తావన ఉంది. ఇప్పటికీ రెండు వారాలకు ఒకసారి సోమవారంనాడు నది ఇసుకలో ఆ సంత జరుగుతుంది. నేను వెళ్ళింది సంత రోజునే కావడంతో భోజనశాలలన్నీ కిటకిటలాడుతున్నాయి. సంత రోజున పోంతె ద లీమాలో సర్రబూల్యో తినడమన్నది జిల్లాలో పాతుకుపోయిన అలవాటు.

సర్రబూల్యో అన్నం చలికాలపు వంట, పందిని కోసే రోజులతో ముడిపడినది. కోడి, గొడ్డు, పంది మాంసాలను కలిపి ఉడికించి, పీచులుగా చీల్చి, ఆ నీళ్ళలోనే బియ్యం ఉడికించి, చివర్లో పంది నెత్తురు పోసి కలుపుతారు. జీలకర్ర ధారాళంగా పడుతుంది. పళ్ళెం బల్ల మీదికి రాకముందే ఆ వాసన వచ్చింది. పోర్చుగీసు భోజనంలో నాకు ఎదురైన తొలి తెలిసిన వాసన అది. మన పల్లెల్లో మేక నల్లను ఉల్లికారంతో వేయించుకు తినేవారికి ఈ వంట కొత్తగా ఉండదు. తేడా ఏమిటంటే ఇక్కడ నెత్తురు ముక్కలుగా కాక చిక్కని పులుసుగా అన్నానికి పడుతుంది.

పక్క పళ్ళెంలో రోజోయిస్ వస్తాయి. కొవ్వు అంటి ఉన్న పంది మాంసపు ముక్కలను వైన్, వెల్లుల్లి, బిర్యానీ ఆకు, ఉప్పులో ఊరవేసి, పంది కొవ్వులోనే ఎర్రగా వేయిస్తారు. ఈ ఊరవేత పద్ధతినే పోర్చుగీసులు గోవాకు తీసుకొనివెళ్ళారు. అక్కడ వైన్ స్థానంలో వెనిగర్ చేరి, మిరపకాయలు తోడై విందాలూ అయింది. రోజోయిస్‌తో పాటు కార్జం ముక్కలు, జీలకర్ర కలిపిన పిండి కూరి వేయించిన పేగులు, బంగాళాదుంపలు ఉంటాయి. ఒక మనిషికి ఇంత కొవ్వు అవసరమా అన్న ప్రశ్న నాకూ కలిగింది.

ఆ ప్రశ్నకు జవాబు గిన్నెలో ఉంది. నేల గదిలో చల్లబరచిన విన్యావ్‌ను కూజా నుంచి ఎత్తి పోశారు. ఊదా నురగ పొంగి, క్షణంలో అణిగిపోయింది. గిన్నెను కొద్దిగా వంచి మళ్ళీ నిలబెడితే లోపలి తెలుపు మీద రంగు తెరలా అంటుకొని, కిందికి చారలు కట్టింది. బార్సేలోస్‌లో ఆ పెద్దావిడ చూడమన్నది దీన్నే. సాధారణంగా ఎర్ర వైన్‌కు రంగు ద్రాక్ష తొక్క నుంచే వస్తుంది. విన్యావ్‌లో పండు లోపలి గుజ్జుకు కూడా రంగు ఉంటుంది. డోరో లోయలో దీన్నే సోసావ్ అని పిలిచి, పోర్ట్ వైన్‌కు రంగు పెంచడానికి వాడతారు. భోజనం ముగిసేసరికి నా చుట్టూ ఉన్నవారందరి పెదవులూ నేరేడు పండ్లు తిన్న పిల్లల పెదవుల్లా ఉన్నాయి.

జిడ్డు ముద్ద మింగగానే ఒక గుక్క తాగితే జరిగేది ఇది. వైన్‌లోని వగరు మామూలుగా మన లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకుంటుంది. నాలుక బిగుసుకుపోవడం అందువల్లనే. నోట్లో మాంసం, నెత్తురు, కొవ్వు ఉన్నప్పుడు ఆ వగరు వాటిని పట్టుకుంటుంది, నాలుకను వదిలేస్తుంది. పులుపుకు లాలాజలం ఊరుతుంది, సన్నని బుడగలు నాలుక మీది జిడ్డును కదుపుతాయి. అప్పుడు వైన్‌లో దాగి ఉన్న పుల్లని చెర్రీ పండ్ల రుచి, కొద్దిపాటి మిరియపు ఘాటు బయటపడతాయి. పోర్టోలో నేను తాగినప్పుడు కూడా ఇవి అందులో ఉండే ఉంటాయి. వగరు వాటిని తెలియనివ్వలేదు. 14 శాతం ఉన్న బరువైన వైన్‌ను ఈ భోజనంతో ఇదే మోతాదులో తాగినవారు బల్ల దగ్గరే నిద్రపోతారు. ఇక్కడివారు తాగి, లేచి, ఎడ్ల పలుపులూ చెట్ల అంట్లూ బేరమాడుకోవడానికి తిరిగి సంతకు వెళ్ళారు.

మంగళవారం, లీమా ఒడ్డు పల్లెలు

ఊరిలోని విన్యో వెర్దే ప్రదర్శనశాలను పొద్దున త్వరగా చూసి, లీమా లోయ పల్లెలకు బయలుదేరాను. ఆకులు రాలిన కాలం కావడంతో తీగల అమరిక స్పష్టంగా కనిపించింది. పొలాల నడుమ ఎక్కడా ద్రాక్ష లేదు. గట్ల వెంట, బాటల మీద, పెరళ్ళలో మనిషి ఎత్తుకు మించిన గ్రానైట్ స్తంభాలు నిలబెట్టి, వాటి మీద తీగలు పాకించిన పందిళ్ళున్నాయి. కొన్ని చోట్ల పొడుగాటి చెట్లకే తీగలను ఎక్కించారు. ఆ పద్ధతి చాలా పాతది, ఇప్పుడు అరుదు. హైదరాబాదు చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ ద్రాక్షను పందిళ్ళ మీద పెంచిన రైతులు ఈ తోటలను చూస్తే వెంటనే పని అందుకోగలరు.

ఇలా గట్ల మీదికి తీగలు ఎక్కడానికి కారణం మొక్కజొన్న. అమెరికా ఖండాల నుంచి ఆ పంట వచ్చి మిన్యో లోయలను నింపేసింది. కమతాలు చిన్నవి, తినే జనం ఎక్కువ. మంచి నేలంతా గింజకే పోయింది. ద్రాక్షకు అంచులూ ఆకాశమూ మిగిలాయి. నేలకు దూరంగా ఉండడం వల్ల తేమ నుంచి తీగకు కొంత రక్షణ దొరికింది; కాయ మాత్రం నీడలో నిదానంగా, అర్ధపక్వంగా పండింది. వెనుకటి ఎర్ర వైన్ అంత పుల్లగా ఉండడానికి ఇదొక కారణం. బ్రోవా రొట్టె, ఎర్ర వైన్ ఒకే పొలంలో, ఒకటి నడుమ, ఒకటి గట్టున పెరిగినవి కాబట్టి వాటి జోడీ వంటవాళ్ళు కుదిర్చినది కాదు. 1970ల నుంచి రైతులు తక్కువ ఎత్తులో తీగలు కట్టే పద్ధతులకు మారుతూ వచ్చారు. అలా పెంచిన విన్యావ్ మరింత పండి, వగరు తగ్గి వస్తోంది.

ఒక పందిరి కింద ఇద్దరు కత్తిరింపు పని చేస్తున్నారు. ఒకరు నిచ్చెన మీద నిలబడి పోయినేటి కొమ్మలను కోసి పడేస్తుంటే, మరొకరు నడుముకు కట్టుకొన్న కట్టలోంచి నానబెట్టిన విల్లో పుల్లను లాగి, మిగిల్చిన కొమ్మను తీగకు చుట్టి, రెండు మెలికలు వేసి, కొసను లోపలికి దోపుతున్నారు. ఒక్కో కట్టుకు ఊపిరి తీసుకొనేంత సమయం కూడా పట్టలేదు. ఎండితే పుల్ల బిగుస్తుందనీ, ప్లాస్టిక్ దారం కొమ్మను కోస్తుందనీ వారు చెప్పారు.

ఆ ఇంటివారు నన్ను నేల గదికి తీసుకొనివెళ్ళారు. గ్రానైట్ తొట్టిలో ద్రాక్షను తొక్కలతో సహా పులియబెట్టి, కొద్ది రోజుల్లోనే రసాన్ని వేరు చేస్తారు. ఎక్కువ రోజులు ఉంచితే వగరు తాగలేనంతగా పెరుగుతుంది. పూర్వం చలి తగ్గాక వైన్ మళ్ళీ స్వల్పంగా పులిసి, అందులోని మాలిక్ ఆమ్లం మెత్తని లాక్టిక్ ఆమ్లంగా మారేది. మూత వేసిన పీపాలోనో సీసాలోనో అది జరిగితే పుట్టిన వాయువు లోపలే ఉండిపోయి చిన్న బుడగలయ్యేవి. ఇప్పుడు చాలా సంస్థలు సీసా నింపేటప్పుడు వాయువును కలుపుతాయి. ఇంటి వైన్‌లో బుడగలు తక్కువ, వాసన మొరటు, పులుపు సూటి. ఉప్పు ఆలివ్‌లు, ఎండబెట్టిన చోరీసో ముక్కలతో ఇచ్చారు. చోరీసోతో బాగుంది. ఆలివ్‌ల చేదు మాత్రం వైన్ వగరుతో కలిసి ఇబ్బంది పెట్టింది.

బుధవారం, బ్రాగా

మధ్యాహ్నం బ్రాగాలో ఆ ఊరి పేరు మీద చేసే బకల్యావ్ తిన్నాను: వేయించిన చేప, వేయించిన బంగాళాదుంప బిళ్ళలు, మిరపపొడి వాసన ఉన్న ఉల్లిపాయలు. వియానాలో చెప్పిన గుణాలే ఇక్కడా. ఆ తరువాత ఆశపడి ప్రిస్కోస్ మఠాధిపతి పేరుతో ఉన్న పుడ్డింగు తెప్పించాను. గుడ్డు సొనలు, పంచదార, పంది కొవ్వు, పోర్ట్ వైన్ కలిసిన అద్భుతమైన తీపి అది. గిన్నె అడుగున మిగిలిన ఎర్ర వైన్‌ను దానితో తాగితే వెనిగర్ లాగా తోచింది. తీపి దగ్గర ఈ వైన్‌ను పక్కన పెట్టాల్సిందే.

రాత్రి మేనల్లుడి గదిలో మన వంట. చలువపెట్టె నుంచి తీసిన సార్డీన్లకు పసుపు, కారం, ధనియాలపొడి, అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించి పెనం మీద వేయించాడు. పప్పు, అన్నం, వాళ్ళమ్మ పంపిన గోంగూర పచ్చడి. మా అక్కయ్య పచ్చడిలో కారం సంగతి నాకు తెలుసు కాబట్టి ముందే భయపడ్డాను. కారం మీద వగరు పడితే నోటి మంట పెరుగుతుంది. పచ్చడి ముద్దతో తాగినప్పుడు అదే జరిగింది. పులుపు పులుపుతో కలిసిపోయింది కానీ కారం, వగరు పోట్లాడుకున్నాయి. పప్పన్నంలో నెయ్యి వేసుకొని, పచ్చడిని అంచుకు నంజుకుంటూ తాగితే సర్దుకుంది. చేప వేపుడుతో మాత్రం నేను అనుకున్నదానికంటే చాలా బాగుంది. సార్డీన్‌లో నూనె ఉన్నా, మాడిన మసాలా పొర, ఉప్పు కలిసి నీచు వాసనకు చోటివ్వలేదు. "మామయ్యా, ఇందులో కారం సగం తగ్గించి, నిమ్మకాయ పిండితే ఇంకా కుదురుతుంది," అని వాడు రెండో వాయి అలాగే చేశాడు. కుదిరింది.

సీసాలు కొనేవారికి వాడు చెప్పిన జాగ్రత్త ఒకటి ఉంది. ఈ వైన్ దాచుకొనేది కాదు. చీటీ మీద పంట సంవత్సరం చూసి, నిరుటి పంటదైతేనే తీసుకోవాలి. 12 నుంచి 14 డిగ్రీల దాకా చల్లబరచాలి; ఇంట్లో ఫ్రిజ్‌లో ఒక గంట ఉంచితే సరిపోతుంది. తెరిచిన సీసాను మరునాటికి మిగల్చకూడదు, ఎందుకంటే బుడగలు పోయాక పులుపొక్కటే మిగులుతుంది.